పాదం చూసి మెత్త.. నడక చూసి ఎత్తు!

ఉద్దానం రైతులు, కూలీలు నొప్పి మాత్ర జోలికి పోకుండా మడమ పోటు తగ్గించుకునే దారి

పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టు పోటు. నాలుగడుగులు నడిచాక కాస్త సర్దుకుంటుంది. తోటలో పని చూసుకుని, ఇంటికొచ్చి కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ అదే బాధ. టెక్కలి, పలాస, వజ్రపుకొత్తూరు, కవిటి, సోంపేట పల్లెల్లో ఈ నొప్పి తెలియనివారు తక్కువ. "ఏటి వదినా, కుంటతన్నావు?" అని అడిగితే "మడమలో ఎముక పెరిగిందట" అన్న జవాబు వస్తుంది. తర్వాత జరిగేది అందరికీ తెలిసిందే. మందుల షాపులో ఒక నొప్పి మాత్ర, అది సరిపోకపోతే ఊళ్లో ఒక సూది. ఆ పూట పని సాగిపోతుంది. మర్నాడు మళ్లీ మాత్ర!

పాదం కింద ఉన్న లోపాన్ని పొట్టలోకి మాత్ర వేసి సరిచేయాలనుకోవడమే ఇక్కడ పొరపాటు. చాలామందికి ఈ నొప్పిని తగ్గించే మార్గం చెప్పులోనే ఉంది. పాదం ఆకారాన్ని, నడక తీరును చూసుకుని, బూటు లోపల సరైన ఇన్‌సోలు అమర్చుకుంటే మాత్రల అవసరం బాగా తగ్గుతుంది. ఇన్‌సోలు అంటే బూటులో గానీ శాండల్‌లో గానీ పాదం కింద పరిచే మెత్త. అయితే ఎవరికి ఏ మెత్త పనికొస్తుందో తెలియాలి. పొరుగువారికి పనికొచ్చింది మనకు పనికిరాకపోవచ్చు.

ఉద్దానంలో మాత్రతో ముప్పు ఎక్కువ

మాత్ర వేసుకోవడం ఎక్కడైనా ఆలోచించి చేయాల్సిన పనే. ఉద్దానంలో మరీనూ. ఈ ప్రాంతాన్ని దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు పీడిస్తోంది. ఉద్దానం గ్రామాల్లో జరిపి 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పరీక్షించిన పెద్దవారిలో సుమారు ప్రతి అయిదుగురిలో ఒకరికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నట్టు తేలింది. వారిలో ఎక్కువమందికి షుగరు, బీపీ వంటి తెలిసిన కారణాలు లేవు. రోగుల తాకిడి వల్లనే పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రిని, కిడ్నీ పరిశోధన కేంద్రాన్ని ప్రారంభించారు.

ఈ జబ్బుకు నొప్పి మాత్రలే కారణమని ఎవరూ తేల్చలేదు. కానీ దెబ్బతిన్న కిడ్నీకి ఆ మాత్రలు మరింత చేటు చేస్తాయన్నది వైద్యులందరూ ఒప్పుకున్న సంగతి. డైక్లోఫినాక్, ఐబూప్రోఫెన్, ఎసిక్లోఫినాక్, నిమెసులైడ్, పైరాక్సికామ్ - పేర్లు వేరైనా ఇవన్నీ ఒకే తోవలో పనిచేస్తాయి. కిడ్నీకి రక్తం తీసుకెళ్లే సన్నని నాళాలను తెరిచి ఉంచే పదార్థాలు మన శరీరంలో తయారవుతుంటాయి. ఈ మాత్రలు నొప్పిని అణచడంతో పాటు ఆ పదార్థాల తయారీని కూడా ఆపేస్తాయి. దాంతో నాళాలు బిగుసుకుని కిడ్నీకి రక్తం తగ్గుతుంది. ఎండలో చెమటోడ్చి, సరిగా నీళ్లు తాగని రోజున మాత్ర వేసుకుంటే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. కొబ్బరి తోటలోనో జీడి తోటలోనో పొద్దంతా పనిచేసే మనిషి పరిస్థితి సరిగ్గా ఇదే కదా!

ఒక మాత్రతో కొంప మునగదు అనుకోవచ్చు. మడమ నొప్పి ఒక రోజుతో పోయేది కాదు. నెలల తరబడి ఉంటుంది. మాత్రలు కూడా నెలల తరబడి పడతాయి. చిక్కంతా అక్కడే ఉంది.

పాదం ఒక విల్లు

మన పాదంలో 26 ఎముకలున్నాయి. అవి వరసగా అమరి లోపలివైపు ఒక వంపు ఏర్పరుస్తాయి. మడమ నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద గట్టి పట్టీ లాంటి పొర ఉంటుంది. వంపును విల్లు అనుకుంటే ఈ పట్టీ దాని నారి. అడుగు వేసినప్పుడల్లా విల్లు కొంచెం చదునవుతుంది, నారి సాగుతుంది. కాలు ఎత్తేటప్పుడు నారి బిగిసి విల్లును మళ్లీ నిలబెడుతుంది. వంపు మరీ పడిపోయినా, మరీ ఎత్తుగా ఉన్నా, పిక్క కండరాలు బిగుసుకుపోయినా నారి మీద లాగుడు ఎక్కువవుతుంది. అది మడమ ఎముకకు అతుక్కునే చోట నొప్పి మొదలవుతుంది. పొద్దున్నే లేవగానే వచ్చే పోటుకు ఎక్కువగా ఇదే కారణం.

ఎక్స్‌రేలో కనిపించే "ఎముక పెరుగుదల" చూసి బెంబేలెత్తవద్దు. ఏ నొప్పీ లేని చాలామంది మడమల్లోనూ అలాంటి ముల్లు కనిపిస్తుంది. నొప్పి ఎక్కువగా పట్టీది, ముల్లుది కాదు.

పసుపు నీళ్ల పరీక్ష

మీ పాదం ఏ రకమో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. పళ్లెంలో పసుపు కలిపిన నీళ్లు పోసి అరికాలు తడపండి. నేల మీద పాత పేపరు పరిచి, దాని మీద అడుగు వేసి, మామూలుగా నడిచినట్టే దాటి పొండి. రెండు కాళ్లకూ విడివిడిగా చేయండి. ఆరాక అచ్చు చూడండి.

- మామూలు పాదం: మడమకు, వేళ్ల మొదళ్లకు నడుమ అచ్చు సన్నబడుతుంది. లోపలివైపు అర్ధచంద్రంలా ఖాళీ ఉంటుంది.
- చదును పాదం: అచ్చు దాదాపు నిండుగా పడుతుంది. లోపలివైపు ఖాళీ ఉండదు.
- ఎత్తు వంపు పాదం: మడమ, వేళ్ల మొదళ్లు మాత్రమే పడతాయి. నడుమ సన్నని గీతలా ఉంటుంది, లేదా అసలేమీ ఉండదు.

అచ్చు నిండుగా పడిందని కంగారు పడవద్దు. గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవండి. అప్పుడు లోపలివైపు వంపు కనిపిస్తే అది మెత్తటి చదును పాదం. నొప్పి లేకపోతే దానికి వైద్యం అక్కర్లేదు. వంపు అసలు కనిపించకపోయినా, ఒక కాలు మాత్రమే ఈమధ్య చదునై లోపలి చీలమండ వెనక వాపు ఉన్నా డాక్టరుకు చూపించాలి.

పిల్లల సంగతి వేరు. చిన్నప్పుడు అందరి పాదాలూ చదునుగానే ఉంటాయి. పెరిగే కొద్దీ వంపు వస్తుంది. కర్ణాటకలో వైద్యులు 4 నుంచి 13 ఏళ్ల మధ్య వయసున్న 2,300 మంది పిల్లల పాదాల అచ్చులు తీసి 1992లో ఫలితాలు ప్రకటించారు. చెప్పులు, బూట్లు వాడే పిల్లల్లో 8.6 శాతం మందికి చదును పాదాలుంటే, వట్టి కాళ్లతో తిరిగేవారిలో 2.8 శాతం మందికే ఉన్నాయి. ముందువైపు మూసిన బూట్లు వాడేవారిలో ఇది మరీ ఎక్కువ. అందుచేత నొప్పి లేని పిల్లవాడికి మెత్తలు కొనిపెట్టే పని లేదు. ముళ్లూ, గాజు పెంకులూ లేని శుభ్రమైన చోట వట్టి కాళ్లతో ఆడుకోనిస్తే మంచిది.

నడక తీరు పాత చెప్పును అడగండి

అచ్చు చూస్తే పాదం ఆకారం తెలుస్తుంది. ఆ పాదం నేల మీద ఎలా పడుతోందో చెప్పేది అరిగిన చెప్పు. ఆరు నెలలకు పైగా వాడిన జతను తిరగేసి చూడండి.

మడమ వెనక బయటి అంచు కొద్దిగా అరిగి ఉంటే నడక మామూలుగా ఉన్నట్టు. లోపలి అంచు ఎక్కువగా అరిగితే పాదం లోపలికి వాలుతోంది. బయటి అంచు మడమ నుంచి చిటికెన వేలి దాకా అరిగితే పాదం బయటికి వాలుతోంది. వేళ్ల మొదళ్ల కింద గుంట పడితే బరువంతా ముందుకు పడుతోంది. ఒక చెప్పు మాత్రమే బాగా అరిగితే ఆ కాలి మీద ఎక్కువ బరువు మోపుతున్నారన్నమాట. దానికి రెండో కాలి నొప్పి కారణం కావచ్చు, కాళ్ల పొడవులో తేడా కావచ్చు, లేదా చేసే పనే కావచ్చు. జీడి ఫ్యాక్టరీలో కాలితో తొక్కే కటింగు మిషను మీద పనిచేసేవారు ఒకే కాలిని పొద్దంతా వాడుతుంటారు. వారు తప్పక చూసుకోవాలి.

ఇంట్లో ఇంకొకరిని వెనక నిలబడి చూడమనండి. పది అడుగులు నడవండి. మడమ నిటారుగా పడుతోందా, లోపలికి ఒరుగుతోందా, బయటికి ఒరుగుతోందా అన్నది వెనక నుంచి చూసేవారికి సులువుగా కనబడుతుంది.

ఏ పాదానికి ఏ మెత్త?

చదును పాదం, లోపలికి వాలే నడక, నొప్పి: వీరు చాలామంది మెత్తటి స్పాంజి కొంటారు. అది తప్పు. స్పాంజి బరువుకు అణిగిపోతుంది, పాదం ఇంకా లోపలికి ఒరుగుతుంది. వీరికి కాస్త గట్టిదనం ఉన్న మెత్త కావాలి. లోపలివైపు వంపును ఆపే ఎత్తు, మడమ చుట్టూ గిన్నెలా లోతు ఉండాలి. వేలితో నొక్కితే కొద్దిగా మాత్రమే అణగాలి.

ఎత్తు వంపు పాదం, బయటికి వాలే నడక: ఈ పాదం బిగుసుగా ఉంటుంది. దెబ్బను తనలో ఇముడ్చుకోలేదు. బరువంతా మడమ మీద, వేళ్ల మొదళ్ల మీద పడుతుంది. వీరికి మెత్తదనం ముఖ్యం. అరికాలు మొత్తాన్నీ తాకుతూ, బరువును అంతటా పంచే ఒత్తైన మెత్త వేయాలి. గట్టి ప్లాస్టిక్ వంపు పెడితే నొప్పి పెరుగుతుంది.

మామూలు పాదం, పొద్దుటి మడమ పోటు: మడమ కింద మెత్తదనం, వంపు కింద తేలికపాటి ఆసరా ఉన్న రెడీమేడ్ మెత్త చాలు.

వేళ్ల మొదళ్ల కింద నొప్పి: చిన్న గుమ్మటం లాంటి ప్యాడ్ అతికించాలి. నొప్పి ఉన్న చోట కాదు, దానికి కొంచెం వెనకగా. సరిగ్గా నొప్పి మీదే పెడితే రాయి తొక్కినట్టుంటుంది.

మడమ వెనక నరం నొప్పి, పిక్క బిగుసుకుపోవడం: రెండు చెప్పుల్లోనూ మడమ కింద కొద్దిపాటి ఎత్తు పెడితే లాగుడు తగ్గుతుంది. ఒక కాలికే ఎత్తు పెట్టడం కాళ్ల పొడవు కొలిచి డాక్టరు చెప్పిన తర్వాతే.

మోకాలి అరుగుదల: బయటివైపు ఎత్తుగా ఉండే ఏటవాలు మెత్తలను దీనికి అమ్ముతుంటారు. అధ్యయనాల్లో అవి మామూలు చదును మెత్త కంటే మేలని తేలలేదు. వాటి మీద డబ్బు పోయవద్దు.

ఖరీదైనదే మంచిదా?

కాదు. ఆస్ట్రేలియాలో మడమ నొప్పి ఉన్న 135 మందికి కొలిచి చేయించిన మెత్తలు, రెడీమేడ్ మెత్తలు, పేరుకు మాత్రమే ఉన్న పలచని మెత్తలు ఇచ్చి చూశారు. 2006లో ఫలితాలు వచ్చాయి. మూడు నెలలకు మొదటి రెండు రకాలూ పాదం పనితనాన్ని కొంత మెరుగుపరిచాయి. ఆ రెంటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏడాది తిరిగేసరికి మూడు జట్లూ ఒకటే. అంటే మెత్త బాధాకాలాన్ని తేలిక చేస్తుందే తప్ప అద్భుతాలు చేయదు. మడమ పోటు చాలామందికి కాలం గడిచే కొద్దీ తగ్గిపోయేదే. ఆ నెలలు మాత్రలు మింగకుండా గడిచిపోతే అదే మనకు పెద్ద లాభం.

ఇంకో సంగతి. పాదం అచ్చు ఒక్కటే చూసి బూట్లు పంచితే దెబ్బలు తగ్గుతాయా అని అమెరికా సైన్యంలో శిక్షణకు వచ్చిన వేలమందిపై పరీక్షించారు. 2009, 2010లో ప్రకటించిన ఫలితాల్లో తగ్గలేదని తేలింది. కాబట్టి అచ్చు మొదటి మెట్టు మాత్రమే. అచ్చు, చెప్పు అరుగుదల, నొప్పి ఉన్న చోటు - మూడూ కలిపి చూడాలి. చివరి తీర్పు మీ పాదానిదే. వేసుకుని నడిస్తే హాయిగా ఉందా, లేదా? హాయిగా లేని మెత్త ఎంత ఖరీదైనా మీది కాదు.

స్పర్శ తగ్గిన పాదాలకు ఎమ్‌సీఆర్

షుగరు వ్యాధి ముదిరినవారికి, కుష్ఠు సోకినవారికి అరికాలిలో స్పర్శ తగ్గుతుంది. వీరికి పైన చెప్పిన సొంత వైద్యం వర్తించదు. వీరి విషయంలో పెద్ద పాఠం నేర్పింది తమిళనాడులోని వేలూరు. 1946లో అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠు రోగుల పాదాలు జబ్బుతో వాటంతటవే కుళ్లిపోవడం లేదని, నొప్పి తెలియక ఒకే చోట పదే పదే ఒత్తిడి పడి పుండ్లు అవుతున్నాయని గుర్తించారు. ఆ ఒత్తిడిని పంచేందుకు వేలూరు, కరిగిరిలో చేసిన కృషి నుంచి సన్నని గాలి బుడగలతో నిండిన మెత్తటి రబ్బరు వాడుకలోకి వచ్చింది. దాన్నే మైక్రో సెల్యులార్ రబ్బర్, పొట్టిగా ఎమ్‌సీఆర్ అంటారు. లోపల మెత్తటి ఎమ్‌సీఆర్, కింద ముళ్లు దిగని గట్టి సోలు, వెనక పట్టీ - ఇదీ ఆ చెప్పు తయారీ. మేకులు వాడరు. జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం కింద పాదాల్లో స్పర్శ పోయినవారికి ఈ చెప్పులు ఉచితంగా ఇస్తారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగాలి.

షుగరు ఉన్నవారు ఏడాదికోసారైనా పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోవాలి. స్పర్శ తగ్గినవారు గట్టి వంపులు పెట్టకూడదు. చెప్పు వేసుకునే ముందు లోపల చేత్తో తడిమి చూడాలి. రాత్రి పడుకునే ముందు అరికాళ్లు అద్దంలో చూసుకోవాలి.

మన పనికి తగ్గట్టు ఎలా?

ఉభాల్లో, దమ్ము మడిలో మెత్తలూ బూట్లూ కుదరవు. ఆ పని వట్టి కాళ్లతోనే. అయితే బురద నేల మడమకు మెత్తనే. మడమను పొడిచేది ఇంటి ముందు సిమెంటు రోడ్డు, గచ్చు నేల, ఫ్యాక్టరీ గచ్చు. పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాక మెత్త ఉన్న చెప్పు వేసుకోవాలి. పొద్దున మంచం దిగేటప్పుడే చెప్పు కాళ్ల దగ్గరుండాలి.

హవాయి చెప్పులో మెత్త నిలవదు. వేళ్లతో పట్టుకుని నడవాల్సి రావడంతో పాదానికి శ్రమ కూడా ఎక్కువ. వెనక పట్టీ ఉన్న శాండల్ గానీ, తాళ్లు కట్టుకునే కాన్వాసు బూటు గానీ కావాలి. కొబ్బరి, జీడి తోటల్లో తిరిగేవారికి కాన్వాసు బూటే మేలు. ముళ్ల నుంచీ రక్షణ, మెత్తకూ చోటు. వట్టి కాళ్లతో పెరిగినవారికి పాదం ముందువైపు వెడల్పుగా ఉంటుంది. వేళ్లు నలగని బూటు చూసుకోవాలి. బూటు సాయంత్రం పూట, మెత్త లోపల పెట్టి, వేసుకుని చూసి కొనాలి. పాత అట్ట తీసేశాకే కొత్త మెత్త పరచాలి.

కొబ్బరి చెట్లెక్కేవారికి కాళ్లకు వేసే తాడు అరికాలి నడుమ ఒత్తుతుంది. చెట్టు ఎక్కేటప్పుడు మెత్త వాడవద్దు, జారిపోయే ప్రమాదం ఉంది. దిగాక నేల మీద నడిచేటప్పుడు వాడాలి. నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసేవారు పగుళ్లు మానాకే బూటు వేసుకోవాలి. కిడ్నీ జబ్బుతో కాళ్లు వాచేవారికి పట్టీ వదులు చేసుకునే వీలున్న శాండలే తగినది.

జీడి ఫ్యాక్టరీల్లో నిలబడి పనిచేసేచోట కాళ్ల కింద రబ్బరు చాప పరిచినా, మిషను తొక్కే కాలిని మధ్యమధ్య మార్చుకునే వీలు కల్పించినా ఎంతో మేలు. యజమానులకు ఇది పెద్ద ఖర్చు కాదు.

అలవాటు చేసుకోవాలి

కొత్త మెత్తను మొదటి రోజే పొద్దంతా వాడవద్దు. తొలిరోజు ఒక గంట, తర్వాత రోజుకో గంట పెంచుకుంటూ పోవాలి. రెండు వారాల్లో పాదం అలవాటు పడుతుంది. కందినా, పొక్కినా, మోకాలో నడుమో కొత్తగా నొప్పి పుట్టినా ఆపేయాలి. తడిస్తే తీసి నీడన ఆరబెట్టాలి. బొటనవేలితో నొక్కితే తిరిగి లేవని మెత్త పని అయిపోయినట్టే.

మెత్తతో పాటు రెండు సాగదీతలు తప్పనిసరి. ఒకటి, మంచం దిగక ముందే కాలి వేళ్లను చేత్తో వెనక్కి లాగి పదంకెలు లెక్కపెట్టాలి. ఇలా పదిసార్లు. రెండు, గోడకు చేతులు ఆనించి ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు ఆనించి పిక్క సాగేలా ముందుకు వంగాలి. రోజుకు రెండు మూడు పూటలు చేయాలి. సాయంత్రం చల్లటి నీళ్ల సీసాను అరికాలి కింద దొర్లిస్తే ఉపశమనం ఉంటుంది.

ఎవరిని అడగాలి?

పాదం ఎర్రబడి వాచినా, పుండు పడినా, తిమ్మిరి ఉన్నా, రాత్రి నిద్రలో కూడా నొప్పి లేపుతున్నా, దెబ్బ తగిలాక అడుగు మోపలేకపోయినా ఆలస్యం చేయకూడదు. ఆరు వారాలు మెత్త, సాగదీత పాటించినా తగ్గకపోతే టెక్కలి ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ, శ్రీకాకుళం, విశాఖ పెద్దాసుపత్రుల ఎముకల విభాగాల్లో గానీ చూపించుకోవాలి. కొలిచి చేయించే మెత్తలు, కాలిపరికరాలు కావలసినవారికి ఒడిశాలో కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వ పునరావాస సంస్థ ఉంది.

ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా "మాది ఉద్దానం, కిడ్నీ పరీక్ష చేయించుకున్నాను" అనో, "చేయించుకోలేదు" అనో ముందే చెప్పండి. మందు రాసే చేయి దాన్ని బట్టి మారుతుంది. అదే మాట మందుల షాపులోనూ చెప్పాలి. డాక్టరు రాసిన బీపీ, షుగరు మాత్రలను మాత్రం సొంతంగా ఆపవద్దు.

గుర్తుంచుకోండి

- నొప్పి లేని చదును పాదానికి మెత్త అక్కర్లేదు.
- లోపలికి వాలే పాదానికి గట్టి ఆసరా, ఎత్తు వంపు పాదానికి మెత్తటి పరుపు.
- ముందు చవకైన రెడీమేడ్ మెత్త వాడి చూడండి. ఆరు వారాల తర్వాతే పెద్ద ఖర్చు సంగతి.
- స్పర్శ లేని పాదానికి సొంత వైద్యం వద్దు.
- ఎండలో పనిచేసిన రోజున, డాక్టరు చెప్పకుండా నొప్పి మాత్ర అసలే వద్దు.